పద్నాలుగు మీటర్ల పసుపు గీత

(న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మన తెలుగువాళ్ళం సంక్రాంతికి కలిసినప్పుడు ఒక సోదరి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

నమస్కారం అండీ. వెనక వరసలో వినిపిస్తోందా? వినిపిస్తోంది. పిల్లల్ని బయటికి పంపించక్కర్లేదు, ఉండనివ్వండి. నేనేం మాట్లాడినా పట్టించుకోనివాళ్ళు నలుగురుంటే నాకూ ధైర్యంగా ఉంటుంది.

ఇక్కడి స్థానిక ఎన్నికల్లో నిలబడ్డ అనుభవం చెప్పమన్నారు. గెలిచినవాళ్ళని పిలవాలి కదండీ ఇలాంటివాటికి, అన్నాను. గెలిచినవాళ్ళకి మీటింగులున్నాయి, మీరైతే ఖాళీయే కదా అన్నారు. అదీ నిజమే.

కాబట్టి ముందే చెప్పేస్తున్నా. నేను ఓడిపోయాను. 2025 అక్టోబరు 11, శనివారం, మధ్యాహ్నం పన్నెండింటికి ఓట్లు వెయ్యడం అయిపోయింది. సాయంత్రం టీ తాగే వేళకి నా సంగతి తేలిపోయింది. రెండు సీట్లు, నేను నాలుగో స్థానం. ఏ వార్డో మాత్రం చెప్పను, రికార్డవుతోంది. మీలో సగం మందికి తెలుసు, మిగతావాళ్ళు సమోసాల దగ్గర అడగండి.

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. సెప్టెంబరులో మీ ఇంటికి ఓటు కవరు వచ్చింది కదా. ఎంతమంది విప్పారు? చేతులెత్తండి. ఊఁ. విప్పి, నింపి, పోస్టు చేసినవాళ్ళు? చూశారా, చేతులు దిగిపోతున్నాయి. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఇంకా ఉందా? మా పక్కింటివాళ్ళది అక్కడే ఉంది, దీపావళికి వెళ్ళినప్పుడు చూశాను. మనమొక్కళ్ళమే ఇలా అనుకోకండి. 2022లో దేశం మొత్తం మీద పది మందిలో నలుగురే వేశారు.

ఆ కవర్లో మేయరు ఉంటారు, మీ వార్డు కౌన్సిలర్ ఉంటారు, ఎన్విరాన్‌మెంట్ కాంటర్‌బరీ అని మన ప్రాంతీయ కౌన్సిల్ ఉంటుంది. వాటి మధ్యలో కమ్యూనిటీ బోర్డు అని ఒకటుంటుంది. అక్కడికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. ఇదేంటి? వీళ్ళెవరు? వీళ్ళేం చేస్తారు? నేనూ పదకొండేళ్ళ పాటు అక్కడే ఆగిపోయాను. తప్పు ఒప్పుకుంటున్నా.

చెబుతాను. 1989లో ఈ దేశంలో చిన్న పట్టణాలకి బరోలు, పల్లెలకి కౌంటీలు, రకరకాల బోర్డులు, వందల కొద్దీ ఉండేవి, వాటన్నిటినీ కలిపి పెద్ద కౌన్సిళ్ళు చేశారు. కలిపేస్తే పేట మాట వినేవాడు ఉండడని కమ్యూనిటీ బోర్డులు పెట్టారు. ఇప్పుడు దేశంలో వందకు పైగా ఉన్నాయి. మన ఊళ్ళో ఆరు. ఒకదాని పేరు హాల్స్‌వెల్-హార్న్‌బీ-రికార్టన్. మూడూళ్ళ పేర్లు కలిపి బస్సు బోర్డు మీద రాసినట్టుంటుంది కదా? మూడు వార్డులు, వార్డుకి ఇద్దరు మెంబర్లు, ఆ ముగ్గురు కౌన్సిలర్లూ కూడా అందులో కూర్చుంటారు. ఆక్లాండ్‌లో మీ చుట్టాలుంటే వాళ్ళకి ఉండేవి లోకల్ బోర్డులు, ఇరవై ఒకటి. వాటి చట్టం వేరు, వాళ్ళ గొడవ మనకొద్దు.

ఇంకా సులువుగా చెప్పాలంటే పంచాయతీ వార్డు మెంబరు. అంతే. పెద్ద పేరు, చిన్న పని. పన్ను వెయ్యలేరు. ఆస్తి కొనలేరు, అమ్మలేరు. ఒక్క గుమాస్తాని కూడా ఉద్యోగంలో పెట్టుకోలేరు, తీసెయ్యలేరు. అన్నీ చట్టంలో రాసే ఉన్నాయి. మరి ఏం చేస్తారు? మీ పార్కులో క్లబ్బుకి జాగా లీజుకివ్వాలా వద్దా, కొత్తగా పడ్డ వీధికి ఏం పేరు పెట్టాలి, రోడ్డు పక్క బతికున్న చెట్టు కొట్టెయ్యాలా, స్కూలు మలుపులో కారు ఆపకుండా పసుపు గీత ఎంత పొడుగు వెయ్యాలి, పేటలో సంఘాలకి చిన్న చిన్న గ్రాంట్లు ఎవరికివ్వాలి. ఇవి. పెద్ద విషయాలైతే పేట తరఫున కౌన్సిల్‌కి గట్టిగా చెప్పాలి.

మనవాళ్ళలో చాలామంది ఇది విని, ఓస్ ఇంతేనా, అంటారు. మా ఆయనా అన్నారు. ఇక్కడే ఉన్నారు, అడగండి.

మా అమ్మ సంగతి చెప్పాలి ఇక్కడ. 1995లో మా ఊళ్ళో మా అమ్మ వార్డు మెంబరు. మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి ఇవ్వాలని రాజ్యాంగానికి 73వ సవరణ వచ్చింది కదా, దాని తరవాత మన దగ్గర జరిగిన పంచాయతీ ఎన్నికలవి. మా వార్డు ఆడవాళ్ళకి పడింది. మా నాన్న నిలబడాలనుకున్న సీటు అది. ఏం చేస్తారు? అమ్మ పేరు రాశారు. గెలిచింది. అయిదేళ్ళలో అమ్మ పంచాయతీ ఆఫీసు గుమ్మం ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెలుసు, ప్రమాణస్వీకారం రోజు ఒక్కసారి. మిగతా మీటింగులన్నీ నాన్నవే. రాత్రి మినిట్స్ పుస్తకం ఇంటికొచ్చేది. అమ్మ చేతులు తుడుచుకుని, పొయ్యి దగ్గరే కూర్చుని, నాన్న వేలు పెట్టిన చోట సంతకం పెట్టేది. ఆ పుస్తకంలో రెండు పేజీల మీద పసుపు మరకలుండేవి. మా నాన్న చెడ్డవాడు కాదండీ. ఊరంతా అంతే. మీ ఊళ్ళో వేరేగా ఉండేదా? నవ్వుతున్నారు, అంటే ఉండేది కాదు.

నేను నామినేషన్ వేశానని ఫోన్లో చెప్పగానే అమ్మ మొదట అడిగిందేంటో తెలుసా? "గెలిస్తే మీటింగుకి నువ్వే వెళ్తావా, అల్లుడుగారు వెళ్తారా?"

సరే. నేను ఎందుకు నిలబడ్డానో చెప్తాను. ఆశయాలేం లేవు. మా పిల్ల స్కూలు మలుపు దగ్గర పొద్దున్నే కార్లు అడ్డంగా ఆపేస్తారు, పిల్లలు రోడ్డు దాటేటప్పుడు వచ్చే బండి కనపడదు. ఎవరికి చెప్పాలి అంటే, స్నాప్ సెండ్ సాల్వ్‌లో ఫొటో పెట్టమన్నారు. పెట్టాను. ఆ యాప్ మంచిదే, చెత్త డబ్బాకీ రోడ్డు మీద గుంటకీ పనికొస్తుంది, మీరూ వాడండి. గీత విషయం మాత్రం బోర్డుకెళ్ళాలి అన్నారు. అలా మొదటిసారి ఒక బోర్డు మీటింగుకెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా వెళ్ళొచ్చు. మాట్లాడాలంటే ముందు చెప్పి పేరు రాయించుకుంటే పబ్లిక్ ఫోరమ్‌లో అయిదు నిమిషాలిస్తారు.

ఆ రోజు వేరే వీధి గీత నడుస్తోంది. రిపోర్టు చదువుతుంటే నాకు నవ్వాగలేదు. "ఫలానా వీధి తూర్పు వైపు, ఫలానా వీధితో కలిసే చోట మొదలై, ఉత్తర దిశగా పద్నాలుగు మీటర్ల దూరం వరకు, ఏ వేళలోనూ వాహనాలు ఆపరాదు." అచ్చం మన దస్తావేజులో హద్దులు చదివినట్టే. తూర్పు ఫలానావారి గట్టు, దక్షిణం డొంక. ఆ పద్నాలుగు మీటర్ల మీద ముప్పావుగంట మాట్లాడారండీ! ముప్పావుగంట! పెద్దావిడొకరు లేచి, మా అమ్మాయి ఆదివారం వచ్చి అక్కడే కారు ఆపుతుంది, గీత వేస్తే ఎక్కడ ఆపాలి అంది. ఒక మెంబరు పది మీటర్లు చాలదా అన్నారు. ఇంజినీరు చెత్త లారీ తిరగడానికి ఎంత జాగా కావాలో బొమ్మ చూపించాడు. ఇంకొక మెంబరు తను నిన్న సాయంత్రం వెళ్ళి అడుగులు వేసి చూశానన్నారు. అడుగులు వేసి చూశారట!

మొదట నవ్వుకున్నాను. ఆ తరవాత నవ్వు ఆగిపోయింది. ఒక ముసలావిడ కూతురి కారు కోసం ఎన్నికైనవాళ్ళు ముప్పావుగంట కూర్చున్నారు. ఆవిడ మాట నెగ్గలేదు, గీత పద్నాలుగు మీటర్లే వేశారు, అయినా ఆవిడ థాంక్యూ చెప్పి వెళ్ళింది. మా అమ్మని కూర్చోనివ్వని గది ఇలాంటిదే కదా అనిపించింది నాకు. ఆ గదిలో కూర్చోవాలనిపించింది. అంతే, అదే కారణం.

ఇక నిలబడాలంటే ఏం కావాలి? పద్దెనిమిదేళ్ళు నిండాలి, ఓటర్ల జాబితాలో పేరుండాలి, ముఖ్యంగా ఈ దేశ పౌరులై ఉండాలి. ఇది చాలామందికి తెలియదు. రెసిడెంట్ వీసా ఉండి, ఇక్కడ ఏడాది వరసగా ఉంటే ఓటెయ్యొచ్చు. నిలబడటానికి మాత్రం పౌరసత్వం కావాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అంటే ఆ నీలం పాస్‌పోర్టు అప్పగించాలి. నాది 2021లో అప్పగించాను, ఎన్నికల కోసం కాదు, పిల్ల చదువు కోసం. అప్పగించి ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆ రాత్రి. భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు వచ్చింది, వీసా బాధ లేదు, కానీ ఊళ్ళో ఓటు పోయింది. ఒక చోట ఓటు పోయాక రెండో చోట ఓటు విలువ తెలుస్తుందేమో. ఏమో. అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం, నేను చెయ్యమనీ చెప్పను, వద్దనీ చెప్పను.

తరవాత ఆ ప్రాంతపు ఓటర్లు ఇద్దరు మీ పేరు ప్రతిపాదించాలి. రెండు వందల డాలర్లు డిపాజిట్. నామినేషన్లు జులై 4న మొదలై ఆగస్టు 1 మధ్యాహ్నం పన్నెండింటికి ముగిశాయి. పన్నెండంటే పన్నెండే, పన్నెండూ ఒకటికి వెళ్తే పట్టించుకోరు. మన టైము లెక్క అక్కడ నడవదు. ఈ ప్రోగ్రాం నాలుగింటికి అన్నారు కదా, ఎన్నింటికి మొదలైంది? సరే వదిలెయ్యండి.

డిపాజిట్ సంగతి మనవాళ్ళకి బాగా అర్థమవుతుంది. గెలిచినవాళ్ళలో అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవాళ్ళని చూసి, వాళ్ళ ఓట్లలో నాలుగో వంతు కూడా మీకు రాకపోతే డిపాజిట్ గల్లంతు. వెల్లింగ్టన్‌లో ఓట్ల లెక్క వేరు కాబట్టి ఇదీ కాస్త వేరుగా ఉంటుంది. కొన్ని చిన్న బోర్డుల్లో సీట్లెన్నో అభ్యర్థులూ అంతమందే ఉంటారు, అప్పుడు ఎన్నికే ఉండదు. మన భాషలో ఏకగ్రీవం! వేలంపాట, గుడికి చందా, అవేమీ లేకుండా ఏకగ్రీవం. నిలబడేవాళ్ళు దొరక్క, అంతే.

అన్నిటికన్నా కష్టం ఏంటో తెలుసా? డబ్బు కాదు. నూట యాభై మాటలు. ఓటు కవర్లో అభ్యర్థులందరి గురించీ ఒక చిన్న పుస్తకం వస్తుంది, అందులో ఫొటో, పక్కన నూట యాభై మాటల్లో మన గురించి. నేను మొదట రాసింది నాలుగు వందలు దాటింది. బీఎస్సీ, ఎంఎస్సీ, యూనివర్సిటీ పేరు, ర్యాంకు, వచ్చిన షీల్డు. పెళ్ళిచూపుల బయోడేటాలా తయారైంది. మా అమ్మాయి చదివి, "అమ్మా, ఇందులో మన వీధి ఎక్కడుంది?" అంది. పన్నెండేళ్ళ పిల్ల. మొత్తం కొట్టేసి స్కూలు మలుపుతో మొదలుపెట్టాను.

పేరుతో ఇంకొక తంటా. మన ఇంటిపేరు ముందుంటుందా, వాళ్ళది వెనక. పాస్‌పోర్టులో నా పేరే ఇంటిపేరైపోయింది, ఇంటిపేరు నా పేరైపోయింది. ప్రచారం బోర్డుల మీద ఏ పేరు వేయించాలి? చివరికి జనం పిలవగలిగే పేరు వేయించాను. పిలవలేకపోయారు, అది వేరే సంగతి.

ఇప్పుడు బిర్యానీ విషయం. ఇది జాగ్రత్తగా వినండి, సరదా కాదు. మన సంఘంలో ఒక అన్నయ్య, ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను, ఎంతో అభిమానంతో ఫోన్ చేశారు. "అమ్మా, ఒక ఆదివారం హాలు తీసుకుందాం, వంద మందికి బిర్యానీ పెట్టిద్దాం, నువ్వు అయిదు నిమిషాలు మాట్లాడు, మనవాళ్ళ ఓట్లన్నీ నీకే" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. ఓటు కోసం తిండి పెట్టడం, తాగించడం ఇక్కడ నేరం. పెట్టినవాడిదీ తప్పే, దానికోసం తిన్నవాడిదీ తప్పే. ఒకే ఒక్క మినహాయింపు, ఎన్నికల మీటింగు అయ్యాక కాస్త తేలికపాటి ఫలహారం పెట్టొచ్చు. బిర్యానీ తేలికపాటి ఫలహారం అవుతుందా? మీరే చెప్పండి. దమ్ము బిర్యానీ?

అలాగే ఇంకొకటి, ఇది నిజంగా బాధతో చెప్తున్నా. ప్రచారానికి మనవాళ్ళ ఇళ్ళకే ముందు వెళ్ళాను. ఒక ఇంట్లో ఆయన ఎంతో మర్యాదగా కాఫీ ఇచ్చి, "మీకే వేశానండీ, మా ఆవిడదీ నేనే నింపేశాను, అమ్మానాన్నలవీ నేనే నింపేశాను, నాలుగు ఓట్లు మీకు" అన్నారు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నాకు ఏమనాలో తోచలేదు. అది చట్టప్రకారం నేరం, ఆ మాట చెప్పాను, మెల్లగా. ఆయన చిన్నబుచ్చుకున్నారు. నాకు మాత్రం ఆవిడ చేతుల్లో మినిట్స్ పుస్తకం కనిపించింది. ఆ నాలుగు ఓట్లు నాకొద్దండీ. ఓడిపోయినదాన్ని కాబట్టి ఇప్పుడు ధైర్యంగా అనగలుగుతున్నాను, ఆ రోజు కాఫీ తాగి వచ్చేశాను. మీ కవరు మీరు నింపండి. మీ అమ్మగారికి చదవడం రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి, ఎవరికెయ్యాలో ఆవిణ్ణి చెప్పనివ్వండి.

ఇంకో సంగతి. మనవాళ్ళ ఓట్లతో గెలుస్తామనుకున్నాను చూడండి, అది పెద్ద పొరపాటు. ఒక్కొక్క వార్డులో మనం ఎంతమందిమి? అందులో ఫ్రిజ్ మీద ఉండిపోయే కవర్లు ఎన్ని? మూడు వారాలు మన ఇళ్ళకే తిరిగాను. మా వీధిలో, ఎనిమిదేళ్ళుగా నేనుంటున్న మా వీధిలో, ఎదురింటాయన పేరు తెలియదు నాకు! ఆయన కుక్క పేరు తెలుసు, ఆయన పేరు తెలియదు. అది తెలిశాక సిగ్గేసి, మిగిలిన రోజులు మా వీధి నుంచి మొదలుపెట్టాను.

అలా తిరుగుతుంటే ఒకావిడ తలుపు తీసింది. ఎనభై దాటి ఉంటాయి. నేను మొదలుపెట్టకముందే, రా చూపిస్తాను అని, వాకర్ పట్టుకుని గేటు దాకా వచ్చింది. చెట్టు వేరు ఫుట్‌పాత్‌ని లేపేసింది. తారు రెండు చోట్ల పగిలి, పూరీ పొంగినట్టు పొంగింది. వాకర్ ముందు చక్రం దాని మీదికి ఎక్కించి చూపించింది, ఎక్కదు, పక్కకి జారుతుంది. "పోస్టు డబ్బా దాకా వెళ్ళలేను, ఓటు ఎలా వెయ్యను?" అంది. నాలో మన నాయకులందరూ ఒక్కసారి లేచారు. "నేను గెలిస్తే తప్పకుండా బాగు చేయిస్తానండీ" అన్నాను. ఆవిడ నన్ను అలా చూసి, "నువ్వు చేయించలేవు. దానికి డబ్బు కౌన్సిల్ రోడ్ల బడ్జెట్లోంచి రావాలి. నువ్వు చెయ్యగలిగింది వాళ్ళ వెంట పడటం. చెట్టు కొట్టేద్దామంటే మాత్రం అది మీ బోర్డుకొస్తుంది. కొట్టెయ్యనివ్వకు, మా ఆయన నీళ్ళు పోసిన చెట్టు" అంది. నా కన్నా ఆవిడకే బాగా తెలుసు. చూడండి, నిలబడింది నేను, చట్టం చదివింది ఆవిడ.

ఆవిడ ఓటు కవరు ఆవిడే నింపి, ఆవిడే అంటించి, లైబ్రరీలో ఓటు పెట్టె ఉంది కదా, ఆ పెట్టె దాకా తన కారులో తీసుకెళ్ళమని మనవడికి ఫోన్ చేసింది. నేను తీసుకెళ్తానంటే వద్దంది. అభ్యర్థివి, నా కవరు ముట్టుకోకు అంది. కరెక్టే.

ఫలితాలొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. ఓడిపోయానమ్మా అన్నాను. కాసేపాగి, "డిపాజిట్ దక్కిందా?" అంది. దక్కింది అన్నాను. "అయితే ఫర్వాలేదు. మీటింగులకి మాత్రం వెళ్తూ ఉండు, కుర్చీ ఖాళీగా ఉంటుందిగా" అంది. పంచాయతీ ఆఫీసులో ఒక్కసారి కూర్చున్న మనిషి అంది ఆ మాట. నవంబరు నుంచి వెళ్తున్నాను. వెనక కుర్చీ. ఇప్పుడు మెంబర్లు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, కొంచెం వంకర పలుకుతారనుకోండి.

ఏవో ప్రశ్నలున్నాయన్నారు. ఆ... జీతం ఎంతిస్తారు అని. ఎవరడిగారో నాకు తెలుసు. ఇస్తారు, రెమ్యూనరేషన్ అథారిటీ అని ఒకటుంది, అది నిర్ణయిస్తుంది, జనాభాని బట్టి బోర్డు బోర్డుకీ మారుతుంది. ఉద్యోగం మానేసి దాని మీద బతకలేరు, కానీ ఊరికే కాదు. చదవాల్సిన కాగితాలు చూస్తే మాత్రం తక్కువే అంటారు.

అక్కడ, చెయ్యెత్తారు, చెప్పండమ్మా. మూడేళ్ళ తరవాత మళ్ళీ నిలబడతానా? అది 2028 సంగతి. ముందు మా స్కూలు మలుపు గీత కాగితం వచ్చే మీటింగులో పెట్టించాలి. తొమ్మిది మీటర్లు చాలంటున్నారు, నేను పన్నెండు అడుగుతున్నాను. రేపు సాయంత్రం టేపు తీసుకుని కొలవడానికి వెళ్తున్నాను, మీలో ఆ స్కూలుకి పిల్లల్ని పంపేవాళ్ళెవరైనా ఉంటే రండి, టేపుకి రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి.